జూన్ 5న కాదండీ, నవంబరులో రండి

జూన్ 5న మొక్కలు నాటాలని బెజవాడ వాళ్ళకి కూడా ఎవరు చెప్పారో గానీ, ఆ పెద్దమనిషి రోహిణి కార్తెలో ఒక్కసారి మన బస్టాండు నుంచి కంట్రోల్ రూమ్ దాకా నడిచి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ మొదలైంది జూన్ 5నట, అందుకని ఆ తారీఖుకి ప్రపంచ పర్యావరణ దినోత్సవం. వాళ్ళకేం, అక్కడ జూన్ అంటే హాయిగా బయట తిరిగే కాలం. మనకి ఆ రోజుకి మృగశిర రాదు, బళ్ళు తెరవరు, ట్యాంకులో నీళ్ళు పొద్దున తొమ్మిదికే కాగుతుంటాయి. 2024లో ముందురోజే ఎన్నికల ఫలితాలు వచ్చి ఊరంతా టీవీలకి అతుక్కుపోయి ఉంటే, మేం మాత్రం సత్యనారాయణపురంలో మా కాలనీ పార్కులో బ్యానరు కట్టి నలభై మొక్కలు నాటాం. నేనూ నాటాను. ఫోటోలో ఎడమపక్క చివర, చెమటతో ముఖం జిడ్డోడుతూ గొయ్యిలోకి వంగి ఉన్నది నేనే.

ఆగస్టుకి ఐదు బతికాయి. అందులో మూడు కోనోకార్పస్ అనే విదేశీ అలంకార చెట్లు, దాన్ని చంపడం ఎవరి తరమూ కాదు. (2023లో గుజరాత్ ప్రభుత్వం ఇది ఎక్కడా నాటొద్దని నిషేధం పెట్టింది, మేమేమో ఊరికే ఇస్తున్నారని ఆటోలో వేసుకొచ్చాం.)

ఆ తర్వాత బుడమేరు వచ్చింది. సెప్టెంబరు 1, ఆదివారం. మా వీధి దాకా నీళ్ళు రాలేదు గానీ మా ఇంట్లో పనిచేసే ఆవిడ వాళ్ళు సింగ్‌నగర్‌లో నాలుగు రోజులు పక్కింటి మేడ మీద ఉన్నారు. ఇంకో పక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంత నీరు ఎప్పుడూ రాలేదని టీవీలో అదే పాట. అప్పుడు మా చిన్నది, ఐదో తరగతి, అడిగింది: "అమ్మా, బుడమేరు ఎక్కడుంది?" సింగ్‌నగర్‌లో అన్నాను. "అది పేట కదా, ఏరు ఎక్కడుంది?" అంది. నాకు తెలీదు. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, ముక్కు మూసుకొని ఎన్నోసార్లు దాటిన ఆ మురుగుకాలవే మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఏరని ఇళ్ళు మునిగాక తెలిసింది. పదేళ్ళ పిల్లకి అమెజాన్ నది పొడవు తెలుసు, టెస్టులో వచ్చింది. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏరు దానికీ తెలీదు, వాళ్ళమ్మకీ తెలీదు. సిగ్గేసింది. ఆదివారాలు పిల్లలకి పార్కులో చెట్లూ పిట్టలూ చూపించే ఈ గొడవంతా ఆ సిగ్గుతోనే మొదలుపెట్టాను, పర్యావరణ ప్రేమ అంతగా ఏమీ లేదప్పటికి.

నేను బోటనీ చదవలేదు, ఒక ఆఫీసులో లెక్కలు చూసుకునేదాన్ని. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను: ఆదివారం పొద్దున ఆరుంపావుకి పార్కులో గంటసేపు పిల్లలతో చెట్లూ పిట్టలూ చూద్దాం, ఫీజు లేదు, ఎవరైనా పంపండి. నలుగురు వచ్చారు, అందులో ఒకటి నా కూతురు, అదీ బెదిరిస్తే వచ్చింది. ఊరవతల ఒక రిసార్టులో ఇలాంటిదే ఒక పూటకి రెండు వేల ఐదొందలు తీసుకొని టీషర్టూ టోపీ ఇచ్చి, ఎక్కడినుంచో తెచ్చిన కుందేలుతో ఫోటో తీసి పంపిస్తారు. దానికి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి, సీట్లు దొరకవు.

మొదటి ఆదివారం నవంబరులో పడింది, అది నా అదృష్టం. పార్కు గేటు పక్కన ఏడాకుల పాల చెట్టు ఒకటుంది, దాని పూత కాలం అది. మీకు తెలిసే ఉంటుంది, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వీధంతా పట్టేసే వాసన, కొందరికి మత్తుగా ఉంటుంది, కొందరికి తలనొప్పి. పొద్దున కూడా కింద రాలిన పూల దగ్గర ఆ వాసన ఇంకా ఉంది. నేను ముందురోజు రాత్రి నెట్‌లో చదివినదంతా కాగితం మీద ప్రింటు తీసుకొని వెళ్ళాను. దీని చెక్కతో ఒకప్పుడు బడిపిల్లల పలకలు చేసేవారు, అందుకే శాస్త్రీయ నామంలో స్కొలారిస్ అని ఉంటుంది, ఒక్కో కణుపు దగ్గర ఏడేసి ఆకులు చక్రంలా ఉంటాయి కాబట్టి ఏడాకుల పాల... ఇలా చదువుకుంటూ పోతున్నాను. మూడో అంతస్తు అబ్బాయి, ఏడో తరగతి, మధ్యలో ఆపాడు. "ఆంటీ, దీనికి ఆరే ఉన్నాయి."

అందరూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకచోట ఐదు, ఒకచోట ఏడు, ఇంకోచోట ఎనిమిది. నలుగురూ కింద పడ్డ రెమ్మలన్నీ ఏరి, చేతికందే కొమ్మలన్నీ చూసి, నేను చెప్పింది తప్పని రుజువు చేయడానికి ఇరవై నిమిషాలు కష్టపడ్డారు. నేను ప్రింటు మడిచి బ్యాగులో పెట్టేశాను, మళ్ళీ ఎప్పుడూ తీయలేదు. పేరు ముందు చెప్పేస్తే పిల్లలు చూడటం మానేస్తారని నాకు అక్కడ అర్థమైంది. చెప్పింది నిజమో కాదో తేల్చుకోమంటే మాత్రం ఒదలరు, అందులోనూ తప్పు పెద్దవాళ్ళదైతే.

తర్వాత నేను పెట్టిన పద్ధతి ఒక్కటే. ఒక్కొక్కరు ఒక్కో చెట్టుని ఎంచుకోవాలి, వారం వారం అదే చెట్టు దగ్గరికి వెళ్ళాలి, పది రూపాయల నోట్‌బుక్‌లో తారీఖు వేసి ఏం మారిందో రాయాలి. ఇదేం నా తెలివి కాదు. సీజన్‌వాచ్ అని దేశమంతా నడిచే కార్యక్రమం ఉంది, అందులో ఇలాగే ఒక చెట్టుకి చిగురు ఎంత, పూత ఎంత, కాయ ఎంత అని వారానికోసారి నమోదు చేస్తారు. "ఏమీ మారలేదు" అని రాయడం కూడా తప్పు కాదని చెప్పాను. మూడో అంతస్తు అబ్బాయి రావిచెట్టు తీసుకున్నాడు, పెద్దదని. మా చిన్నది నిద్రగన్నేరు, ఒక పాప కానుగ. నాలుగోవాడికి ఏదీ నచ్చక మూలన చెత్తకుండీ వెనక ఉన్న మేడిచెట్టు మిగిలింది.

నిద్రగన్నేరు సంగతి చెప్పాలి. సాయంత్రం ఆకులు ముడుచుకుంటుందని అందరికీ తెలుసు, వానకి ముందు మబ్బు పట్టినా ముడుచుకుంటుంది. పొద్దున ఎప్పుడు తెరుచుకుంటుందో నేనెప్పుడూ చూడలేదు, చూడాలని కూడా తోచలేదు. డిసెంబరులో మనకి సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, మేం ఆరుంపావుకే చెట్టు కింద ఉన్నాం. చెట్టు మొత్తం వేలాడేసిన గుడ్డపేలికల్లా ఉంది, కొమ్మల మధ్య నుంచి బూడిదరంగు ఆకాశం కనిపిస్తోంది. పావుగంట తర్వాత మా చిన్నది "ఆకాశం తగ్గిపోయింది" అంది. నిజంగానే తగ్గిపోయింది. ఆకులు విప్పుకోవడం కంటికి తెలీదు, పైన కనిపించే ఆకాశం ముక్కలు చిన్నవవుతుంటే తెలుస్తుంది, అంతే. ఆ చెట్టు కింద రోజూ యాభైమంది వాకర్లు తిరుగుతారు, నేనూ పదేళ్ళు తిరిగాను, చెవుల్లో సుప్రభాతం పెట్టుకొని.

కానుగ పాప మార్చిలో ఏడుపు ముఖంతో వచ్చింది, "నా చెట్టుకి మొటిమలు వచ్చాయి ఆంటీ" అని. ఆకుల నిండా చిన్న చిన్న బుడిపెలు. అవి మొక్కల నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, సాలీడుకి చుట్టం) ఒకటి, కంటికి కనపడనంత చిన్నది, ఆకులో ఉండటానికి చేయించుకున్న గూళ్ళట. చేయించుకున్నవని ఎందుకన్నానంటే, కట్టేది ఆకే, పురుగు ఇబ్బంది పెడితే ఆకు అలా ఉబ్బుతుంది. పాపకి ఈ వివరం కంటే చెట్టుకి చావు లేదన్న మాట ముఖ్యం. మందు కొట్టిద్దామా అని వాళ్ళ నాన్న అడిగాడు. వద్దండీ అన్నాను. కానుగకి ఇది మామూలే, ఏటా పాత ఆకులు రాల్చేసి నిగనిగలాడే కొత్తవి వేసుకుంటుంది.

ఇక చెత్తకుండీ వెనక మేడిచెట్టు. మిగిలిపోయిన చెట్టు తీసుకున్నవాడికే అందరికంటే ఎక్కువ దొరికింది. మేడిపండు పైకి బాగుంటుంది, విప్పితే లోపల పురుగులు అని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం కదా, మోసగాళ్ళని తిట్టాలంటే ముందు గుర్తొచ్చేది మేడిపండే. వాడు గోటితో పండు విప్పితే నిజంగానే లోపలినుంచి చీమల్లాంటి రెక్కల పురుగులు బిలబిలమంటూ బయటికి వచ్చాయి. వాడు అసహ్యించుకొని పారేశాడు. నేను ఇంటికెళ్ళి చదివి మరుసటి వారం చెప్పాను. మేడికి పూలు బయట పూయవు, ఆ కాయ లోపలే ఉంటాయి. ఒక ఆడ కందిరీగ, గింజంత కూడా ఉండదు, కాయ అడుగున ఉన్న సన్నటి రంధ్రంలోంచి దూరుతుంది, దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. లోపల పూలకి పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. పుట్టే మగవాటికి రెక్కలే ఉండవు, అవి బయటికి దారి తొలిచి లోపలే పోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుంటూ ఆ దారిలో ఎగిరిపోయి ఇంకో కాయ వెతుక్కుంటాయి. ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనం లేదు. వాడు కాసేపు ఆలోచించి "మరి తెలుగు సార్ అలా చెప్పారేంటి?" అన్నాడు. సార్‌ని ఏమీ అనకురా, పరీక్షలో సార్ చెప్పిందే రాయి అన్నాను. అది పిరికితనమే, ఒప్పుకుంటాను.

వచ్చే పిల్లల సంఖ్య పెరగడం లేదని ఒక దశలో నాకు బెంగ పట్టుకుంది. "ఆదివారం ఒక్కరోజే కదండీ పడుకునేది", "ట్యూషన్ ఉందండీ", "దీనికేమన్నా సర్టిఫికెట్ ఇస్తారాండీ". నిజంగా అడిగారు. అప్పుడొక పని చేశాను. మా అపార్ట్‌మెంట్ పిల్లల్లో సగానికి పైగా కళ్ళజోళ్ళు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి మూడేళ్ళ తర్వాత చూస్తే, కొత్తగా మైనస్ పవర్ వచ్చినవాళ్ళు నూటికి 30 మంది, అలా ఉంచని బళ్ళలో దాదాపు 40 మంది. 2015లో వచ్చిన పరిశోధన అది. తైవాన్‌లో 2010 నుంచే బడిపిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట ఉండాలని కార్యక్రమం పెట్టారు. ఈ రెండూ తెలుగులో రాసి గ్రూపులో పెట్టాను. మరుసటి ఆదివారానికి తొమ్మిదిమంది! నిజానికి అందులో చెట్ల ప్రమేయం ఏమీ లేదు, ఆరుబయటి వెలుతురే కారణమంటారు, పైగా వారానికో గంట ఏ మూలకీ చాలదు. అది కూడా మెసేజ్‌లో రాశాను గానీ ఎవరూ అంతదాకా చదివినట్టు లేరు. భయపెట్టి పిలిచినందుకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. వచ్చాక మాత్రం ఎవరూ పవర్ గురించి మళ్ళీ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెడతారు, కనీసం పావుగంట చూసి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైటులో ఎక్కించాలి. 2025లో అది 14 నుంచి 17. మా పావుగంటలో పావురాలు ఇరవై మూడు, కాకులు పదకొండు, గోరింకలు ఆరు, చిలుకలు రెండు, జెముడుకాకి ఒకటి, ఇంకా కనపడకుండా ఎక్కడో టక్ టక్ టక్ అని కొడుతున్న కంసాలి పిట్ట. దాన్ని లెక్కలో వేయాలా వద్దా అని పిల్లలు కొట్టుకున్నారు. (వేయొచ్చు, గొంతు గుర్తుపడితే చాలు.) పాలపిట్ట ఒక్కటీ లేదు. 2018లో దాని బదులు మన రాష్ట్ర పక్షిగా రామచిలుకని పెట్టుకున్నారు, చూడబోతే మా పార్కుకి పావురమే సరిపోయేలా ఉంది. డిసెంబరులో ఒకసారి గుంటూరు అవతల ఉప్పలపాడు కూడా తీసుకెళ్ళాను. ఊరి చెరువులో చెట్ల నిండా గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ, ఆ అరుపులూ ఆ కంపూ. వెళ్ళిన మొదటి ఐదు నిమిషాలు పిల్లలు ముక్కులు మూసుకునే ఉన్నారు, తర్వాత ఇంటికి రామన్నారు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.

పార్కులో తోటమాలి బాబాయితో మాత్రం ఆర్నెల్లు పట్టింది. ఆయన రోజూ ఆకులు ఊడ్చి గోడ వారన కాలుస్తాడు, మేం ఆ పొగలో పిట్టలు చూడాలి. కాల్చొద్దు బాబాయ్ అంటే, "నాకేం సరదానా అమ్మా, పైనుంచి ఫోటో పెట్టమంటారు, ఫోటోలో నేల కనపడాలి" అన్నాడు. తప్పు ఆయనది కాదు. చివరికి ఫోటోలో పడని మూల ఒకటి వెతుక్కున్నాం, మేడిచెట్టు వెనకే, అక్కడ ఆకులు పోగు వేయడానికి ఒప్పుకున్నాడు. నడుమెత్తు పోగు వానలు పడ్డ రెండు నెలలకి మోకాలి దాకా దిగింది. లోపల పుల్లతో కదిలిస్తే రోకలిబండలు, వానపాములు, తెల్లటి బూజు దారాలు. పిల్లలు నన్ను వదిలేసి ఇప్పుడు ముందు అక్కడికే పరిగెడతారు. ఆయనే ఒకరోజు పిలిచి చూపించాడు, "ఇదిగో అమ్మా, మీ పిల్లల ఆస్తి" అని.

ఆగస్టులో మాత్రం నాకు నేనే మెచ్చుకున్న ఆదివారం ఒకటుంది. 2025 వినాయక చవితి ఆగస్టు 27న. దానికి ముందు ఆదివారం, ఇరవై ఒక్క పత్రిలో ఎన్ని ఈ పార్కులో, ఈ నాలుగు వీధుల్లో దొరుకుతాయో చూడమన్నాను. కోయకూడదు, చూసి టిక్కు పెట్టాలి. పార్కులోనూ ప్రహరీ బయటా గరిక, రావి, మామిడి, గన్నేరు, జిల్లేడు, రేగు, ఉత్తరేణి, ఉమ్మెత్త. ఉత్తరేణిని ఎవరూ కనిపెట్టలేదు, ఒకడి ప్యాంటుకి గింజలు అంటుకుంటే అది ఎక్కడినుంచి వచ్చిందా అని వెనక్కి నడిచి పట్టుకున్నారు. ఉమ్మెత్తా గన్నేరూ ముట్టుకోవద్దన్నాను, రెండూ విషమే. గుడి ఆవరణలో మారేడు, జమ్మి, తులసి. ఒకరింటి గోడ మీంచి దానిమ్మ. పన్నెండు. దేవదారు అంటే హిమాలయాల చెట్టు, సత్యనారాయణపురంలో ఎక్కడ దొరుకుతుంది, బజారులో కట్టలో పెట్టేది ఏ ఆకో ఆ వినాయకుడికే తెలియాలి. ఇంటికెళ్ళి మా అత్తయ్యకి లిస్టు చూపిస్తే ఆవిడ చదవకుండానే "వావిలి లేదా? మా చిన్నప్పుడు కాలవ గట్టు మీద ఉండేదే" అంది. మరుసటి ఆదివారం ఆవిడ కూడా వచ్చింది, మోకాళ్ళ నొప్పులతో, చేతికర్రతో. వావిలి దొరకలేదు. కానీ ఆ గంటలో ఆవిడ చూపించినన్ని మొక్కలు నేను ఏడాదిలో చూపించలేదు, అందులో సగం నేను గడ్డి అనుకున్నవే. మనకి ఈ చదువు ఎవరో వచ్చి కొత్తగా నేర్పాల్సిందేమీ కాదు, చవితికి పత్రి కోసం, కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి పిల్లల్ని వెంటేసుకు వెళ్ళినప్పుడు జరిగిపోయేది. ఇప్పుడు వనభోజనాలు ఫంక్షన్ హాల్లో, ఏసీలో, స్టేజీ పక్కన కుండీలో ఉసిరికొమ్మ గుచ్చి. మేం పోయిన కార్తీకంలో పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకొని పార్కులోనే తిన్నాం. ఉసిరిచెట్టు మాకూ లేదు, పాల చెట్టు కింద కూర్చున్నాం, వాసనకి సగంమందికి అన్నం సయించలేదు.

ఎవరైనా మీ కాలనీలో చేద్దామనుకుంటే: ఎనిమిది, తొమ్మిదిమందికి మించి పిల్లల్ని తీసుకోకండి, ఫోన్ మీది ఒక్కటే ఉండాలి, పొదల్లో చెయ్యి పెట్టనివ్వకండి, ఏప్రిల్, మే నెలల్లో ఏడింటికల్లా ఇళ్ళకి పంపేయండి. మొదలుపెట్టేది నవంబరులో అయితే మంచిది, వాతావరణం మీ పక్షాన ఉంటుంది. మొక్కలు నాటాలంటే ఒక వాన పడ్డాక నాటండి, నాటినవాళ్ళ ఇల్లు బిందె మోసుకొచ్చేంత దగ్గర ఉండాలి. పోయినేడు మేం ఆరే నాటాం, జూలైలో. ఆరూ ఉన్నాయి.

రావిచెట్టు అబ్బాయి ఇప్పుడు మాతో లేడు. ఎనిమిదో తరగతికి హాస్టల్లో వేశారు, ఊరి చివర, ఐదంతస్తుల బిల్డింగు, ఆదివారం పొద్దున స్టడీ అవర్. వెళ్ళేముందు నోట్‌బుక్ నాకిచ్చి "మీరు రాస్తూ ఉండండి ఆంటీ" అన్నాడు, నేను సరే అని సగం వారాలు మర్చిపోయాను. అందులో వాడి చేతిరాతతో ఉంది: ఫిబ్రవరి 23, ఆదివారం, ఆకులు పసుపు, కింద చాలా పడ్డాయి. మార్చిలో ఇంకోటి: కొత్తవి రాగి రంగు, పట్టుకుంటే మెత్తగా. మొన్న ఆదివారం వాళ్ళమ్మ లిఫ్ట్ దగ్గర ఆపింది. వారానికి పది నిమిషాలే ఫోన్ ఇస్తారట, అందులో వాడు అడిగినవి రెండేనట, ఇంటి నుంచి పచ్చడి ఎప్పుడు పంపుతావు, ఆంటీని అడుగు రావిచెట్టు ఆకులు రాల్చిందా అని.

ఇంకా లేదు, రెండు మూడు పసుపెక్కాయి, ఇంకో వారం పడుతుందని చెప్పండి అన్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి మళ్ళీ ఒకసారి చూసొచ్చి, నోట్‌బుక్‌లో తారీఖు వేశాను.